నెల్లూరు తీరంలో ఇంగ్లిషు సాహిత్య పాఠం: పదాలు, పరిభాష

ఇంగ్లిషు సాహిత్యాన్ని తరగతిలో చదివే తెలుగు విద్యార్థి మూడు రకాల మాటలను ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది. కవితలోనో కథలోనో వచ్చే మాటలు మొదటి రకం. వాక్యాన్ని విడదీసి చెప్పడానికి వాడే నౌన్, వెర్బ్, క్లాజ్, వాయిస్ వంటి వ్యాకరణ పరిభాష రెండోది. సిమిలీ, మెటఫర్, ఐరనీ, మీటర్, సానెట్ వంటి సాహిత్య పరిభాష మూడోది. పరీక్ష పేపరు ఈ మూడింటినీ కలిపే అడుగుతుంది. తరగతిలో మాత్రం వీటిని వేర్వేరు గంటల్లో, చాలాచోట్ల అర్థంతో నిమిత్తం లేని జాబితాలుగా చెబుతారు. ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగే నెల్లూరు తీరంలో ఈ చదువుకు పొడవైన చరిత్ర ఉంది. తెలుగు వ్యాకరణాన్ని తెలుగులోనే చెప్పిన తొలి గ్రంథకర్త ఈ నేల కవి తిక్కనకు సమకాలికుడు. ఇంగ్లిషు నేర్చి, ఇంగ్లిషులోనే తన జీవితకథ రాసుకున్న తొలితరం తెలుగువాడు పుట్టిందీ ఈ ప్రాంతంలోనే.

పూర్వరంగం

13వ శతాబ్దిలో మనుమసిద్ధి ఏలిన నెల్లూరులో తిక్కన మహాభారతంలోని పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. ఆయనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణం అనే వ్యాకరణాన్ని పద్యాల్లో రాశాడు. వ్యాకరణమంటే సంస్కృత సూత్రాల్లోనే ఉండాలనుకునే కాలంలో, చదివేవాడి భాషలోనే చదివేవాడికి నియమాలు చెప్పాలని పూనుకున్న పుస్తకం అది. ఈనాటి ఇంగ్లిషు తరగతికి కూడా ఈ విషయం వర్తిస్తుంది కాబట్టే ఇక్కడ దాన్ని తలుచుకోవడం.

వెన్నెలకంటి సుబ్బారావు 1784లో కందుకూరు దగ్గరి ఓగూరులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో చేరి, అనేక భాషలు పట్టుబడ్డాక, 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా పనిచేశాడు. 1839లో మరణించాడు. ఆయన ఇంగ్లిషులో రాసుకున్న జీవితకథ 1873లో అచ్చయింది. సాహిత్య బోధనకు సంబంధించినంతవరకు ఆ పుస్తకం కన్నా, 1820లో ఆయన మద్రాస్ స్కూల్ బుక్ సొసైటీకి ఇచ్చిన నివేదిక ముఖ్యం. బడుల్లో పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేస్తున్నారనీ, దానివల్ల చదువు ఒంటబట్టడం లేదనీ అందులో ఆయన వాపోయాడు. ఆయన ఆ మాట అన్నది తెలుగు చదువుల గురించి. రెండు వందల ఏళ్ల తర్వాత అదే ఫిర్యాదు ఇంగ్లిషు గంటకు అక్షరాలా సరిపోవడం బాధాకరం.

మిషనరీ బడులు ఆ తర్వాత వచ్చాయి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. 1872లో రామాయపట్నంలో ఆ మిషన్ వేదాంత పాఠశాల తెరిచింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ పరీక్ష ఇంగ్లిషు చదువుకు కొలబద్ద అయింది. పాఠ్యభాగాన్ని ముక్కలు చేసి పార్సింగ్ చేయడం, అంటే ఒక్కో మాట ఏ భాషాభాగమో, ఏ వచనమో, ఏ కాలమో చెప్పుకుంటూ పోవడం, ఆ పరీక్ష చలవే. 1875లో బడిగా మొదలై, వెంకటగిరి రాజాల పోషణలో ఎదిగి, 1920లో కళాశాలగా మారిన నెల్లూరు వి.ఆర్. కాలేజీ ఈ తీరంలో ఇంగ్లిషు సాహిత్యానికి మొదటి పెద్ద ఆటపట్టు. కావలిలో జవహర్ భారతి 1951లో వచ్చింది. ఈ కాలేజీలు 1954లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద కొన్ని దశాబ్దాలు, 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కింద ఆ తర్వాత నడిచాయి.

పుస్తకాల విషయానికొస్తే, 19వ శతాబ్ది చివర నెస్‌ఫీల్డ్ గ్రామరు, 1930ల నుంచి రెన్ అండ్ మార్టిన్ గ్రామరు తరగతులను ఏలాయి. రెన్ అండ్ మార్టిన్‌ను తర్వాతి కాలంలో పరిష్కరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు నేటికీ దాని అట్ట మీద ఉంటుంది. డిగ్రీ స్థాయిలో ఎం.హెచ్. అబ్రామ్స్ 1957లో తెచ్చిన సాహిత్య పదకోశం, బి. ప్రసాద్ రాసిన నేపథ్య గ్రంథం విద్యార్థుల చేతుల్లో నలిగాయి. వీటన్నిటిలో ఒక లోటు ఉంది. నిర్వచనాలు ఇంగ్లిషులో, ఉదాహరణలు ఇంగ్లిషులో, ఆ ఉదాహరణల్లోని వాతావరణమూ ఇంగ్లండుదే. విద్యార్థికి అప్పటికే తెలిసిన తెలుగు వ్యాకరణం, తెలుగు అలంకారశాస్త్రం వాటి కంటికి ఆనవు.

పదసంపద

ఎన్ని మాటలు వస్తే ఇంగ్లిషు నవల చదవగలం అన్న ప్రశ్నకు భాషాశాస్త్రంలో లెక్కలు ఉన్నాయి. మైకేల్ వెస్ట్ ఢాకాలో పనిచేస్తూ బెంగాలీ పిల్లల కోసం పరిమిత పదజాలంతో వాచకాలు రాశాడు. ఆయన 1953లో ప్రకటించిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో దాదాపు 2,000 మాటలున్నాయి. న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, నిఘంటువు జోలికి పోకుండా నవల చదవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పదకుటుంబాలు తెలిసి ఉండాలి. ఒక ధాతువు, దాని నుంచి పుట్టే రూపాలు అన్నీ కలిపి ఒక కుటుంబం. ఇంటర్ విద్యార్థి దగ్గర అంత సరుకు ఉండదు. కాబట్టి ఉపాధ్యాయుడు మాటలను ఏరుకోక తప్పదు. వర్డ్స్‌వర్త్ కవితలో డాఫొడిల్ అన్న మాటను అదొక పసుపుపచ్చ పువ్వని గుర్తుపడితే చాలు. సాలిటరీ అన్న మాటను మాత్రం సాలిట్యూడ్, సోల్ వంటి చుట్టాలతో సహా పట్టుకోవాలి, ఎందుకంటే అది ప్రతి రెండో కవితలో మళ్ళీ ఎదురవుతుంది. గైడ్లు ఈ తేడా చూపవు. రెంటినీ ఒకే వరుసలో, ఒకే కొలతలో, ఒక్కో తెలుగు అర్థంతో ఇచ్చేస్తాయి.

ఏ కవిత ఈ తీరపు పిల్లలకు సులువు, ఏది కష్టం అన్నది మాటల సంఖ్య మీద ఆధారపడదు. అదే వర్డ్స్‌వర్త్ 1807లో అచ్చువేసిన సాలిటరీ రీపర్‌లో పంట కోస్తూ పాడే ఒంటరి పిల్ల ఉంటుంది. పెన్నా ఆయకట్టులో నాట్ల పాటలు, కోత పాటలు విన్న ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి ఆ కవితలోని సన్నివేశం అర్థమైపోయి, మాటలు దాని వెనక వస్తాయి. కోల్‌రిడ్జ్ 1798లో అచ్చువేసిన ముసలి నావికుడి పాటలో గాలి పడిపోయి ఓడ కదలక నిలిచిపోయే ఘట్టం మైపాడు, కొత్తకోడూరు పిల్లలకు వివరించనక్కరలేదు. మంచు, వసంతం, నైటింగేల్ ఉన్న కవితల దగ్గరే ఆగి, బొమ్మ చూపి, నిదానంగా నడవాలి. పాఠ్యప్రణాళిక రాసేవారు ఈ వరుసను గమనిస్తే సగం కష్టం తీరుతుంది.

ఇక్కడి జనానికి ఇంగ్లిషు మాటలు బడి దాకా వెళ్ళకుండానే వచ్చాయి. రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి వింటే ఏరేటర్, హ్యాచరీ, సీడు, ఫీడు, చెక్ ట్రే, పీహెచ్, హార్వెస్టు, కౌంటు అన్నీ వినపడతాయి. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దదన్నమాట, ధర పెరుగుతుంది. ఈ లెక్క బడికి పోని కూలీకి కూడా కొట్టినపిండి. అదే ఇంటి పిల్లవాడు తరగతిలో ఫ్రెంచి నవలలో కౌంట్ అనే ప్రభువును చూసి తెల్లబోతాడు. హార్వెస్ట్ అంటే చెరువులో వల వేయడమని తెలిసినవాడు కీట్స్ శరత్కాల గీతంలో ధాన్యపు కోతను చూసి తడబడతాడు. వాడికి ఆ మాట తెలియదని కొట్టిపారేయకుండా, తెలిసిన అర్థం నుంచి తెలియని అర్థానికి తీసుకువెళ్ళాలి. వాయుగుండం వార్తల్లో విన్న డిప్రెషన్‌ను మనసుకు అన్వయించడం కూడా అలాంటిదే. ఒక మాటకు రెండర్థాలు ఎలా పుడతాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

తీరపు పల్లెల్లో ఇంకో సంగతి ఉంది. పట్టపుపాలేల్లోని మత్స్యకారులు చాలామంది ఇళ్ళలో తమిళానికి దగ్గరగా ఉండే, తెలుగు బాగా కలిసిన మాట మాట్లాడతారు. వాళ్ళ పిల్లలకు బడి తెలుగే రెండో భాష, ఇంగ్లిషు మూడోది. నెల్లూరు పట్టణంలో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లల పరిస్థితీ దాదాపు అంతే. తెలుగు అర్థం చెప్పేస్తే పని అయిపోయిందనుకునే ఉపాధ్యాయుడు ఈ పిల్లలను వెనక బెంచీకి వదిలేస్తున్నాడు.

వ్యాకరణం తగులుకునే చోట్లు

వ్యాకరణ పరిభాష దానంతట అది పెద్ద కష్టం కాదు. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ అన్న తెలుగు పేర్లు విద్యార్థికి ఐదారు తరగతుల నుంచే తెలుసు. వాటిని నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్‌లతో జతచేయడానికి రెండు గంటలు చాలు. తెలుగులో లేనివాటి దగ్గర, ఉండీ వేరే తీరుగా నడిచేవాటి దగ్గర అసలు చిక్కు వస్తుంది. ఇంగ్లిషు ఆర్టికల్స్‌కు తెలుగులో జోడీ లేదు. ప్రిపొజిషన్ నామవాచకానికి ముందు వస్తే, మన విభక్తి వెనక వస్తుంది. ‘వాడు టీచరు’ అన్న వాక్యంలో మనకు క్రియతో పనిలేదు, ఇంగ్లిషు మాత్రం క్రియ లేకుండా కదలదు.

సాహిత్యం చదివేవాడికి వీటికన్నా పరోక్ష కథనం ముఖ్యం. ‘రేపు వస్తానని వాడు చెప్పాడు’ అంటాం. ఆ వాక్యంలో ‘వస్తాను’ అన్నది వాడి నోటి మాటే, ఉత్తమపురుషలోనే, భవిష్యత్తులోనే నిలిచి ఉంటుంది. ‘అని’ అన్న ఒక్క మాట చాలు, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో తెలిసిపోతుంది. ఇంగ్లిషులో ‘నేను’ ‘అతను’గా మారాలి, ‘విల్’ ‘వుడ్’గా మారాలి, ‘రేపు’ ‘మర్నాడు’ కావాలి. బడిలో దీన్ని మార్కుల కోసం యాంత్రికంగా మార్పించే అభ్యాసంగా చేయిస్తారు. కాని జేన్ ఆస్టెన్ నవలల్లో రచయిత్రి గొంతు పాత్ర ఆలోచనలోకి జారిపోయే చోట ఈ మార్పే ఆయువుపట్టు. క్రియ భూతకాలంలో ఉంటుంది, సర్వనామం ‘ఆమె’ అని ఉంటుంది, ఆలోచన మాత్రం పాత్రది, ‘అని’ వంటి గుర్తు ఏదీ ఉండదు. తెలుగు పాఠకుడు అక్కడ రచయిత్రే ఆ మాట అంటోందని పొరబడతాడు. డైరెక్ట్ స్పీచ్, ఇండైరెక్ట్ స్పీచ్ పాఠాన్ని ఒక్కసారైనా నవలలోని పేరాతో కలిపి చెబితే, ఆ వ్యాకరణం ఎందుకు నేర్చుకున్నామో విద్యార్థికి తెలుస్తుంది.

లింగం కూడా ఇలాంటి చోటే. తెలుగులో ‘వచ్చింది’ అన్న క్రియ పిల్లకూ, ఆవుకూ, పడవకూ, వెన్నెలకూ ఒక్కటే. ఇంగ్లిషు కవి ఓడనో చంద్రుణ్ణో ‘షి’ అని రాస్తే, ‘ఇట్’ అనగలిగి ఉండీ అలా రాశాడన్నమాట. ప్రాణం లేనిదానికి ప్రాణం పోసే పర్సానిఫికేషన్ ఆ ఒక్క సర్వనామంలోనే ఉంటుంది. తెలుగు అలవాటు మీద చదివే కన్ను దాన్ని దాటిపోతుంది. అటువైపు, ‘మనం’, ‘మేము’ అన్న మన తేడా ఇంగ్లిషు ‘వి’లో లేదు. కవి ‘వి’ అన్నప్పుడు పాఠకుణ్ణి కలుపుకున్నాడా, పక్కన పెట్టాడా అని అడగగలిగేది తెలుగు విద్యార్థే. ఈ ప్రశ్న తరగతిలో వేసి చూడండి, చర్చ దానంతటదే సాగుతుంది.

డికెన్స్ వంటివారి పొడవైన వాక్యాలకు ఒక ఉపాయం బాగా పనిచేస్తుంది. ముందు సమాపక క్రియను వెతికి గీత గీయాలి, తర్వాత దాని కర్తను పట్టుకోవాలి, మిగతా క్లాజులను ఒక్కొక్కటిగా తగిలించాలి. మన వాక్యంలో ‘నిన్న వచ్చిన పిల్ల’ అని విశేషణం ముందే వచ్చేస్తుంది, క్రియ చివర ఉంటుంది. ఇంగ్లిషులో పిల్ల ముందు, ఆమె గురించిన క్లాజు వెనక. ఈ ఒక్క తేడాను బోర్డు మీద రెండు వాక్యాలతో చూపితే రిలెటివ్ క్లాజ్ అన్న పేరు గుర్తుండిపోతుంది.

వ్యాకరణ సూత్రాలు అసలు చెప్పకుండానే భాష నేర్పవచ్చా అన్న ప్రయోగం దక్షిణ భారతంలోనే జరిగింది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల బడుల్లో పనుల ద్వారా ఇంగ్లిషు నేర్పించాడు. ప్రపంచమంతటా దాన్ని బెంగళూరు ప్రాజెక్టుగా ఎరుగుదురు. మాట్లాడే ఇంగ్లిషుకు ఆ దారి మంచిదే. సాహిత్యపు తరగతికి మాత్రం పరిభాష లేకుండా కుదరదు, ఎందుకంటే అక్కడ భాష గురించి మాట్లాడుకోవడమే పాఠం.

అలంకారాలు, ఛందస్సు

ఈ విభాగంలో తెలుగు విద్యార్థి ధనవంతుడు, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. ఉపమాలంకారానికి ఉపమానం, ఉపమేయం, సమాన ధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలను హైస్కూల్లోనే నేర్చుకుంటాడు. ఇంగ్లిషు విమర్శలో ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో టెనర్, వెహికల్ అన్న రెండు పేర్లు పెట్టేదాకా మెటఫర్‌లోని భాగాలకు స్థిరమైన పేర్లే లేవు. ఉపమేయమే టెనర్, ఉపమానమే వెహికల్. సమాన ధర్మమేదో చెప్పమంటే జవాబులో సగం వచ్చేసినట్టే. సిమిలీలో ఉపమావాచకం ఉంటుంది, మెటఫర్‌లో ఉండదు, అభేదం చెబుతారు గనక అది మన రూపకానికి దగ్గర. హైపర్‌బొలీ అతిశయోక్తికి, పన్ శ్లేషకు, ఎలిటరేషన్ వృత్త్యనుప్రాసకు దగ్గరి బంధువులు. ఐరనీకి మాత్రం వ్యంగ్యం అని రాసి ఊరుకుంటే చాలదు. డ్రమాటిక్ ఐరనీని చెప్పడానికి కన్యాశుల్కం కన్నా మంచి ఉదాహరణ లేదు. ఆడవేషం వేసుకున్న కుర్రవాణ్ణి లుబ్ధావధానులు పెళ్ళాడుతుంటే, పెళ్ళికూతురు మగపిల్లవాడని ప్రేక్షకులకు తెలుసు, పెళ్ళికొడుక్కు తెలియదు. ఆ ఒక్క సన్నివేశం చెప్పి షేక్‌స్పియర్ నాటకంలోకి వెళితే నిర్వచనం బట్టీ పట్టే అవసరమే రాదు.

ఛందస్సు దగ్గరికి వచ్చేసరికి మన చదువు ఒకచోట అడ్డుపడుతుంది కూడా. తెలుగు తరగతిలో గురువుకు గిన్నె ఆకారపు గుర్తు, లఘువుకు నిలువు గీత వేస్తాం. ఇంగ్లిషు స్కాన్షన్‌లో అలాంటి గిన్నె గుర్తే ఊనిక లేని అక్షరానికి, వాలు గీత ఊనిక ఉన్న అక్షరానికి వేస్తారు. అంటే గుర్తులు తలకిందులు. ఐయాంబ్‌లో ముందు తేలిక, తర్వాత ఊనిక. దానికి ఇంగ్లిషు పద్ధతిలో గిన్నె, గీత వేస్తే, తెలుగు అలవాటున్న కన్ను గురువు, లఘువు అని చదువుకుని హగణం అనుకుంటుంది. నిజానికి అది వగణానికి సాటి. ఐయాంబ్ ఆ విధంగా ట్రోకీ అయిపోతుంది. విద్యార్థికి గణాలు రాక కాదు, బాగా వచ్చినందువల్లే ఈ పొరపాటు. మొదటి రోజే రెండు రకాల గుర్తులనూ పక్కపక్కన వేసి చూపితే, డాక్టిల్ భగణం వంటిదనీ, అనపెస్ట్ సగణం వంటిదనీ తనే కనిపెట్టేస్తాడు.

గుర్తులు సర్దుకున్నాక అసలు భేదం చెప్పాలి. మన గురులఘువులు ఉచ్చారణకు పట్టే కాలాన్ని బట్టి, ఇంగ్లిషు మీటరు ఊనికను బట్టి నడుస్తాయి. సిటీ అన్న మాటను మనం లఘువు, గురువుగా పలుకుతాం. ఇంగ్లిషులో ఊనిక మొదటి అక్షరం మీద, అది హ్రస్వమే అయినా సరే. మనీ కూడా అంతే. ఈ రెండు మాటలను చప్పట్లతో పలికిస్తే ఊనిక అంటే ఏమిటో చెవికి తెలుస్తుంది. ఐదు ఐయాంబ్‌లు కలిస్తే పెంటామీటర్. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ 154 సానెట్లలో దాదాపు అన్నీ ఆ నడకలోనివే, ఒక్కోటి సాధారణంగా పద్నాలుగు పాదాలు.

యతిని సిజ్యూరాగా చెప్పడం మరో పొరపాటు. సిజ్యూరా పాదం మధ్యలో వచ్చే విరుపు. తెలుగు యతి అక్షరమైత్రి, ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర పాటించేది. అక్కడ ఆగనక్కర లేదు. ప్రాస మనకు పాదంలో రెండో అక్షరం, ఇంగ్లిషు రైమ్ పాదం చివర ఉంటుంది, అంటే మన అంత్యప్రాస. ఎన్‌జాంబ్‌మెంట్ అన్న పేరు భయపెడుతుంది గాని, పాదం చివర వాక్యం ఆగకుండా పక్క పాదంలోకి సాగడం తిక్కన పద్యం చదివినవాడికి నిత్యం ఉన్నదే.

నేటి స్థితి

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం ప్రవేశపెడుతూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. సైన్సుకు, సోషల్‌కు వచ్చిన ఈ వసతి సాహిత్య పరిభాషకు రాలేదు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో గణితం, భౌతికం, రసాయనం మాత్రమే ఉంటాయి గనక ఇంటర్‌లో ఇంగ్లిషు గంట కుంచించుకుపోయింది. డిగ్రీలో ఇంగ్లిషు సాహిత్యం తీసుకున్న విద్యార్థి ఆ లోటుతోనే తరగతిలో అడుగుపెడుతున్నాడు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలు వేసింది. ఇంగ్లిషు సాహిత్యం చదివే తెలుగు విద్యార్థికి కావలసింది అటువంటి పదకోశమే, కాని ప్రతి పదానికీ ఒక తెలుగు పద్యమో నాటక ఘట్టమో, ఒక ఇంగ్లిషు పంక్తో జతగా ఉండాలి, పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి.  ఇక్కడి కాలేజీల తెలుగు, ఇంగ్లిషు అధ్యాపకులు కలిసి కూర్చుని ఈ చిన్న పుస్తకాన్ని తయారుచేయాలి. విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసి, మొదటి సంవత్సరం విద్యార్థులకు ఉచితంగా ఇవ్వాలి.